వలలో పుట్టిన పలుకులు

పదిమంది ఒకచోట చేరి చాలకాలము ఒకే పనిలో మెలగినచో వారి నడుమ ఒక ప్రత్యేకమైన పలుకుబడి ఏర్పడుట సహజము. చేనేతవారి యిండ్లలో పడుగు, పేక, నాడె, ఆసు అను మాటలు నిత్యము వినవచ్చుచుండును. వాని యర్థము తెలియనివాడు మగ్గము ప్రక్కన దినమెల్ల కూర్చున్నను వారి సంభాషణలో సగమే గ్రహింపగలడు. పడవవారికిని, కంసాలులకును, సంతలో పశువుల బేరము చేయువారికిని ఇట్టి సొంత మాటలు కలవు. అవి పని సుకరముగా జరుగుటకై పుట్టినవి.

మరికొన్ని పలుకుబడులు పనికొరకు గాక చెలిమికొరకు పుట్టును. పెద్దలకు తెలియకుండ మాటలాడుకొనవలెనను కోరికతో పిల్లలు ప్రతి అక్షరమునకు ముందు 'క' చేర్చి పలుకు ఆట తెలుగునాట ఎల్లరెరిగినదే. 'నువ్వు రా' అనుటకు 'కనుకవ్వు కరా' అందురు. ఆ భాషలో దాచదగిన రహస్యమేదియు సాధారణముగ ఉండదు. అది తెలిసినవారు తమవారు, తెలియనివారు పరులు. ఆ భేదమే అందలి ఆనందము. పెద్దలలో పెక్కుమంది ఆ వయసున అదే భాష నేర్చినవారగుటచే, వినియు విననట్లు ఊరకుందురు.

ఈ రెండు ప్రయోజనములును కలిసిన మాటలు గడచిన అర్ధశతాబ్దములో ఒక క్రొత్త ఊరిలో విస్తారముగ పుట్టినవి. ఆ ఊరికి పొలిమేర లేదు, వీధులు లేవు, రావిచెట్టు లేదు. కంప్యూటరులను ఒకదానితో నొకటి కలిపి అల్లిన వలయే ఆ ఊరు. 1969లో అమెరికాలో నాలుగు చోట్లనున్న కంప్యూటరులను కలుపుటతో మొదలైన ఆ అల్లిక క్రమముగ లోకమంతటను వ్యాపించెను. దానిని తెలుగువారు అంతర్జాలమని వ్యవహరించుచున్నారు. జాలమనగా వల.

ఈ ఊరివారికి రెండు లోపములు మొదటినుండియు కలవు. మాటలాడువాని ముఖము ఎదుటివానికి కనబడదు. రెండవది, మాటను నోటితో పలుకుటకు బదులు వ్రేళ్ళతో కొట్టవలసియుండుటచే ఆలస్యమగును. అందు పుట్టిన మాటలలో పెక్కింటికి ఈ రెండు లోపములే మూలకారణములు.

తొందర పుట్టించిన మాటల కథ కంప్యూటరుతో మొదలైనది కాదు. టెలిగ్రాములకు మాటల లెక్కన రుసుము తీసికొను కాలమున ప్రతివాడును మాటలను పొదుపుగా వాడుట నేర్చెను. భారతదేశమున పండుగలకును, పెండ్లిండ్లకును పంపదగిన శుభాకాంక్షల వాక్యములకు అంకెలు కేటాయింపబడి యుండెను. పంపువాడు అంకె వ్రాసిన చాలును. అందుకొనువానికి వాక్యము పూర్తిగా చేరెడిది. 2013 జూలైలో మన దేశమున టెలిగ్రాముల సేవ ముగిసినంతవరకు ఆ పద్ధతిని ఎరిగినవారు ప్రతి ఊరిలోను ఉండిరి. అమెరికాలోని టెలిగ్రాఫు ఉద్యోగులు ఇంకను ముందుకు పోయిరి. వెస్టరన్ యూనియన్ సంస్థవారు 1859లో ఒకటి మొదలు తొంబదిరెండు వరకు గల అంకెలకు అర్థములు నిర్ణయించిరి. 73 అనగా 'శుభాకాంక్షలు'. టెలిగ్రాఫు తీగలు పోయినవి. కాని హామ్ రేడియో నడుపువారు నేటికిని తమ సంభాషణ ముగించునపుడు 'సెవెంటీ త్రీ' అనియే సెలవు తీసికొందురు.

కావున నేటి యువకులు ఫోనులలో వ్రాయు పొట్టిమాటలను చూచి భాష భ్రష్టమైపోయినదని విలపించుట తొందరపాటే యగును. 'ఓ.ఎం.జి.' అను మూడక్షరములు 'అయ్యో దేవుడా' అనుటకు ఆంగ్లములో వాడబడుచున్నవి. అది పిల్లల అల్లరి మాటయని పలువురు తలంతురు. కాని ఆ మూడక్షరములను అదే అర్థమున వాడిన ఉత్తరమొకటి 1917 నాటిది దొరికినది. వ్రాసినవాడు బ్రిటిషు నౌకాదళమున అత్యున్నత పదవి నలంకరించిన ఫిషరు ప్రభువు. అందుకొన్నవాడు విన్‌స్టన్ చర్చిల్. అప్పటికి ఫిషరు ప్రభువునకు డెబ్బది ఆరేండ్లు. 'ఎల్.ఓ.ఎల్.' అనునది 'బిగ్గరగా నవ్వుచున్నాను' అను ఆంగ్లవాక్యమునకు హ్రస్వరూపము. ఈ రెండింటిని ఆక్స్‌ఫర్డు నిఘంటువువారు 2011 మార్చిలో తమ గ్రంథమున చేర్చుకొనిరి.

అయితే పొట్టిమాటతో ఒక చిక్కు కలదు. అది ఏ సంఘమున పుట్టెనో ఆ సంఘమువారికే దాని యర్థము నిశ్చయముగ తెలియును. బ్రిటన్ ప్రధానమంత్రిగా నుండిన డేవిడ్ కామెరాన్ తన సందేశముల చివర 'ఎల్.ఓ.ఎల్.' అని వ్రాయుచుండెడివాడట. అది 'మిక్కిలి ప్రేమతో' అను మాటలకు హ్రస్వరూపమని ఆయన భావన! దాని నిజమైన యర్థము తెలిసిన పిదప అట్లు వ్రాయుట మానెనని 2012లో ఒక విచారణ సంఘము ఎదుట సాక్ష్యమిచ్చిన ఒకరు తెలిపిరి. దేశమునేలు ప్రధానికే తప్పని ఈ పొరపాటు పరీక్షపత్రములో పొట్టిమాట వ్రాయు విద్యార్థికిని, దానిని చదువు ఉపాధ్యాయునికిని నడుమ జరుగుటలో వింత యేమున్నది?

ముఖము కనబడకపోవుట ఇంతకంటె పెద్ద లోపము. 'ఆహా, ఎంత బాగుగా చేసితివి!' అను వాక్యము మెచ్చుకోలు కావచ్చును, ఎత్తిపొడుపు కావచ్చును. పలుకువాని కన్నులు, పెదవి వంపు, కంఠస్వరము ఆ భేదమును తెలుపును. కాగితముమీద అవి యుండవు. ఉత్తరము వ్రాయువారు ఈ సంగతి తెలిసి నాలుగు వాక్యములెక్కువగా వ్రాసి అపార్థమునకు తావులేకుండ చేసెడివారు. అంతర్జాలమున అంత తీరిక లేదు. ఆ కొరతనుండి ఒక చిహ్నము పుట్టిన కథ వినదగినది.

1982లో అమెరికాలోని పిట్స్‌బర్గు నగరమున కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునందు కంప్యూటరు శాస్త్రశాఖవారికి ఒక ప్రకటన ఫలకముండెను. అది గోడకు తగిలించిన పలక కాదు. ఎవరి గదిలో వారు కూర్చుండి కంప్యూటరులో వ్రాసిన దానిని తక్కినవారు తమ తమ తెరలమీద చదువుకొను ఏర్పాటు. ఆ సెప్టెంబరు మాసమున ఒకరు అందులో ఒక భౌతికశాస్త్ర ప్రశ్న వేసిరి. లిఫ్టు గోడకు వెలుగుచున్న క్రొవ్వొత్తి అమర్చబడియున్నది. నేలమీద పాదరసపు చుక్క కలదు. లిఫ్టు త్రాడు తెగి క్రిందికి పడిపోవుచున్నచో క్రొవ్వొత్తి మంట ఏమగును? పాదరసము ఏమగును? పండితులు ఉత్సాహముతో చర్చకు దిగిరి. ఇంతలో మరియొకడు వేళాకోళముగ ఒక హెచ్చరిక ప్రకటించెను: ఇటీవలి ప్రయోగము వలన ఎడమ చివరనున్న లిఫ్టు పాదరసముతో కలుషితమైనది, కొంచెము కాలినది కూడ! ముందు జరిగిన చర్చను చదివినవారు నవ్వుకొనిరి. చదువనివారిలో కొందరు దానిని నిజమని నమ్మిరి. పాదరసము విషమగుటచే అది నవ్వి ఊరకుండదగిన విషయము కాదు.

అప్పుడు ఆ పండితులు మరల చర్చకు దిగిరి. ఈ పర్యాయము చర్చ భౌతికశాస్త్రమును గూర్చి కాదు. హాస్యముగ వ్రాసినదానికి హాస్యమని తెలుపు గురుతు ఒకటి ఉండవలెనా యని. ఒకరు నక్షత్రపు గురుతు చాలునన్నారు. మరియొకరు శాతపు గురుతు మేలన్నారు. సెప్టెంబరు 19వ తేదీ ఉదయము 11 గంటల 44 నిమిషములకు స్కాట్ ఫాల్‌మన్ అను ఆచార్యుడు తన సూచనను ప్రకటించెను. రెండు చుక్కలు, ఒక అడ్డగీత, ఒక కుండలీకరణము వరుసగా వ్రాసి, :-) తల ప్రక్కకు వంచి చూడుడనెను. రెండు కన్నులు, ముక్కు, నవ్వుచున్న నోరు! హాస్యము కాని మాటలకు కుండలీకరణమును త్రిప్పి :-( అని వ్రాయవచ్చుననియు ఆయన చెప్పెను.

ఇందు గమనింపదగిన విశేషమొకటి కలదు. రెండవ గురుతును ఫాల్‌మన్ 'ఇది హాస్యము కాదు, నిజముగ చెప్పుచున్నాను' అను అర్థమునకు ఉద్దేశించెను. కాని దానిని చూచినవారికి ముడుచుకొన్న ముఖము కనబడినది. అచిరకాలములోనే అది దుఃఖమునకు గురుతయ్యెను. పుట్టించినవాని ఉద్దేశమొకటి, లోకము గ్రహించిన యర్థమొకటి. నిఘంటువులో ఎన్ని మాటలకో జరిగిన చరిత్రయే ఈ చిన్న గీతలకును జరిగినది. ఆ ప్రకటన ఆ కాలముననే అందరికిని కనుమరుగయ్యెను. ఇరువది సంవత్సరముల పిదప, 2002లో, విశ్వవిద్యాలయమువారు భద్రపరచిన పాత టేపులను శ్రమపడి వెదకగా అది మరల దొరికినది. పదము పుట్టిన తేదీ, గంట, నిమిషము తెలియుట భాషాచరిత్రలో అరుదైన భాగ్యము.

నోటితో నవ్వలేనివారు చుక్కలతో నవ్విన ఆ పద్ధతి జపానులో బొమ్మలుగా మారినది. 1999లో షిగెటాకా కురీటా అను జపానుదేశీయుడు ఫోనులకొరకు 176 చిన్న బొమ్మలు రూపొందించెను. వానిని 'ఎమోజీ' లందురు. జపాను భాషలో 'ఎ' అనగా చిత్రము, 'మొజి' అనగా అక్షరము. ఆంగ్లములో భావోద్రేకమునకు గల 'ఎమోషన్' అను పేరుతో దీనికి చుట్టరికమున్నట్లు తోచినను అది కేవలము ధ్వనిసామ్యము. ఆ బొమ్మలలో రెండు చేతులు జోడించినది యొకటి కలదు. జపానువారు దానిని కృతజ్ఞత తెలుపుటకును, ప్రాధేయపడుటకును వాడుదురు. తెలుగువారికి అది నమస్కారము. బొమ్మకు భాష లేదని అందురు గాని, చూచువాని ఊరిని బట్టి అదియు అర్థము మార్చుకొనును.

బొమ్మలతో మాటలాడు వేడుక తెలుగువారి నడుమ మరియొక దారి పట్టినది. ఒక చలనచిత్రములోని హాస్యనటుని ముఖచిత్రము తీసి, దానిపై తమకు తోచిన వాక్యము వ్రాసి పంపుకొందురు. దానిని 'మీమ్' అందురు. ఈ మాటను 1976లో జీవశాస్త్రజ్ఞుడు రిచర్డ్ డాకిన్స్ ఒక గ్రంథమున కల్పించెను. ఒకరినుండి మరియొకరికి అనుకరణము వలన వ్యాపించు ఆచారము, పాట, భావము అని ఆయన యుద్దేశము. బొమ్మల సంగతి ఆయన ఎరుగడు. తెలుగు మీములలో అందరికంటె తరచుగా దర్శనమిచ్చు ముఖములలో బ్రహ్మానందముగారిది ఒకటి. ఆయన చలనచిత్రములకు రాకపూర్వము అత్తిలి కళాశాలలో తెలుగు అధ్యాపకులు. మాటలు నేర్పినవారి ముఖము మాటలేకుండ భావము తెలుపుటకు ఇన్ని లక్షలమందికి సాధనమగుట చమత్కారముగ నున్నది.

అంతర్జాలమున పుట్టిన మాటలలో కొన్నింటికి వినోదమే జన్మస్థానము. 'స్పామ్' అనునది 1937లో అమెరికాలో ఒక సంస్థవారు డబ్బాలలో అమ్మజొచ్చిన మాంసపు పేరు. 1970లో బ్రిటిషు టెలివిజనులో ఒక హాస్యబృందము ఒక ప్రహసనము ప్రదర్శించెను. అందు ఒక భోజనశాలలో ఏ వంటకమును అడిగినను దానిలో స్పామ్ ఉండును. ప్రక్కనున్నవారు స్పామ్ స్పామ్ అని పాడుచు ఇతరుల మాట వినబడనీయరు. వలలో పనికిమాలిన సందేశములు ఎడతెగక వచ్చి అసలు మాటలను ముంచివేయుట చూచినవారికి ఆ ప్రహసనము గుర్తునకు వచ్చినది. ఆ విధముగ మాంసపు పేరు మనసు విసిగించు ఉత్తరములకు పేరయ్యెను. మాట పుట్టకముందే చేష్ట పుట్టియున్నది. 1978లోనే ఒక కంప్యూటరు వర్తకుడు దాదాపు నాలుగువందలమందికి కోరని ప్రకటన పంపి చీవాట్లు తినెను.

మరియొక మాట 'అంతులేని సెప్టెంబరు'. 1980లో మొదలైన యూజ్‌నెట్ అను చర్చావేదికలలో ప్రతి సంవత్సరము సెప్టెంబరున విశ్వవిద్యాలయములలో చేరిన క్రొత్త విద్యార్థులు ప్రవేశించెడివారు. వారికి అచ్చటి మర్యాదలు తెలియక నెలదినములు గందరగోళము చేసెడివారు. పాతవారు మందలించి, నేర్పి దారికి తెచ్చెడివారు. 1993 సెప్టెంబరు మొదలుకొని వ్యాపారసంస్థలు తమ చందాదారులను ఆ వేదికలలోనికి విడుచుటతో క్రొత్తవారి రాకకు అంతు లేకపోయెను. నేర్పువారు తక్కువ, నేర్వవలసినవారు ఎక్కువ. ఆ సెప్టెంబరు నేటికిని ముగియలేదని పాతవారి పరిహాసము. అందులో కొంత బాధయు కలదు.

ఇక 'ట్రోల్' అను మాటను గూర్చి కొంత విపులముగ చెప్పవలసియున్నది. ఏలయన ఈ మాటను నేడు తెలుగు బాలబాలికలు దినదినము వాడుచున్నారు. ఆంగ్లములో ఈ రూపముతో రెండు మాటలు కలవు. ఒకటి ఉత్తర ఐరోపావారి జానపదకథలలోని వికృతరూపుడైన రాక్షసుడు. రెండవది చేపలు పట్టు ఒక విధానము: కదలుచున్న పడవ వెనుక ఎరగట్టిన గాలమును ఈడ్చుకొనిపోవుట. 1990ల ఆదిలో యూజ్‌నెట్‌లో కొందరు తెలిసియు తెలియనట్లు ఒక వెఱ్ఱిప్రశ్న వేసెడివారు. పాతవారు అది ఎర యని గ్రహించి నవ్వుకొనెడివారు. క్రొత్తవారు దానిని కరచి, పుటలకొలది సమాధానములు వ్రాసి నవ్వులపాలయ్యెడివారు. ఆ చేష్టకు గాలపు పేరు తగియున్నది. కాలక్రమమున ఆ చేష్టను చేయువానికి రాక్షసుని పేరు అంటుకొన్నది. రెండు మాటలును ఒకదానిలో నొకటి కలిసిపోయినవి.

తెలుగులోనికి వచ్చుసరికి ఆ మాటకు ఇంకొక మార్పు కలిగినది. 'ట్రోల్ చేయుట' యనగా తెలుగువారి వాడుకలో ఒకనిని ఎంచుకొని పలువురు కలిసి అంతర్జాలమున అపహసించుట. అపహాస్యమునకు గురియగువాడు పెద్దనటుడైనచో దానిని సహింపవచ్చును. కాని అతడు పాట సరిగా పాడలేని బాలుడు కావచ్చును. ఆంగ్లము తప్పుగా మాటలాడిన బాలిక కావచ్చును. నల్లగనున్నవాడో, లావుగనున్నవాడో కావచ్చును. వేధించుట, అవమానించుట, వెంటబడి ఏడిపించుట అను మాటలు తెలుగులో చిరకాలమునుండి కలవు. 'ఆ బాలికను నలువదిమందిమి కలిసి ఏడిపించితిమి' అని తలయెత్తి చెప్పుకొనగలవాడు ఏ తరగతిలోను ఉండడు. 'ట్రోల్ చేసితిమి' అని మాత్రము నవ్వుచు చెప్పుకొందురు. చేసిన పని యొకటే. పేరు మారినది, పేరుతోపాటు సిగ్గు తొలగినది. పరభాషాపదములు తెలుగులోనికి వచ్చుట దోషము కాదు. రైలు వచ్చినది, బడిలో బల్లలకు బెంచీలను పేరు వచ్చినది. వానివలన ఎవరికిని కీడు కలుగలేదు. క్రొత్తమాట పాతదోషమునకు ముసుగైనప్పుడు మాత్రము దాని ప్రక్కన పాతమాటను నిలిపి చూడవలెను.

తెలుగువారికి అంతర్జాలమున మరియొక కష్టము కలిగినది. అది లిపిని గూర్చినది. ఫోనులలో పంపు చిన్న సందేశములు 1992 డిసెంబరులో ఇంగ్లండున మొదలైనవి. ఒక్కొక్క సందేశమున ఆంగ్లాక్షరములైనచో 160 పట్టును. తెలుగులిపిలో వ్రాసినచో 70 సంకేతములకే చోటు. అందును 'స్త్రీ' అను ఒక్క అక్షరమునకే ఆరు సంకేతములు వలయును: సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫ, ఈత్వము. దానికి తోడు తొలినాటి ఫోనులలో పెక్కింటికి తెలుగక్షరములు చూపు శక్తియే లేదు. కావున తెలుగువారు తెలుగును ఆంగ్లలిపిలో వ్రాయుటకు అలవాటుపడిరి. లోపము యంత్రములది, అలవాటు మనుష్యులది. యంత్రముల లోపము తొలగిన పిదపను అలవాటు నిలిచినది.

దానివలన నష్టమేమని అడుగవచ్చును. కె, ఏ, ఎల్, ఏ అను నాలుగు ఆంగ్లాక్షరములు వరుసగా వ్రాసినచో అది 'కల' యగునా, 'కళ' యగునా, 'కాల' మగునా తెలియదు. 'ముఖమునకు కళ వచ్చినది' అని వ్రాసిన ఉత్తరమును ముఖమునకు కల వచ్చినదని చదువుకొనవచ్చును. ఎం, ఏ, టి, ఏ అని వ్రాసినచో 'మాట'యు అదియే, 'మాత'యు అదియే. సందర్భమును బట్టి పెద్దలు పోల్చుకొందురు. తెలుగు వ్రాత బడిలోనే నేర్చుకొనుచున్నవారికి, అందును ఇంట తెలుగు పుస్తకము లేనివారికి, ళకార ణకారముల భేదము క్రమముగ చెవినుండియు, నాలుకనుండియు జారిపోవు ప్రమాదము కలదు.

ఈ కష్టమును విదేశములందున్న తెలుగువారు ముందుగ గుర్తించిరి. 1990ల తొలినాళ్ళలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున తెలుగువారు ఆంగ్లలిపిలో తెలుగును నిర్దుష్టముగ వ్రాయుటకు ఒక పద్ధతిని ఏర్పరచిరి. చిన్న 'టి' వ్రాసినచో తకారము, పెద్ద 'టి' వ్రాసినచో టకారము. చిన్న 'ఎల్' లకారము, పెద్ద 'ఎల్' ళకారము. క్రొత్తగ చూచువారికి అది పిచ్చివ్రాత వలె కనబడును. కాని అందు ఒక్క అక్షరమైనను తారుమారు కాదు. యూజ్‌నెట్‌లో తెలుగువారు కూడుకొని సాహిత్యమును, చలనచిత్రములను గూర్చి వాదించుకొన్న వేదికలలో ఆ వ్రాత చెల్లుబడి యయ్యెను. తరువాత ఆ అక్షరములనే తక్షణము తెలుగులిపిగా మార్చి చూపు 'లేఖిని' వంటి సాధనములు వచ్చినవి. 2006 ప్రాంతమున అట్టి సాధనముల సహాయమున వందలకొలది తెలుగువారు అంతర్జాలమున తెలుగులిపిలోనే వ్రాయ మొదలిడిరి.

లిపి కుదిరిన పిదప మాటల అవసరము వచ్చినది. ఆంగ్లములోని ప్రతి మాటను ఉన్నదున్నట్లు వాడుటకు వారికి మనసొప్పలేదు. అంతర్జాలములోని సొంత పుటలో ప్రకటించు రచనకు 'టపా' యని పేరు పెట్టిరి. ఉత్తరములకట్ట యను అర్థమున అది తెలుగునాట పాతమాటయే. 'టపా కట్టుట' యనగా మరణించుట యని కూడ వాడుక యున్నదని ఎరిగినవారు ముసిముసినవ్వులు నవ్విరి. అయినను మాట నిలిచినది.

2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా ఈ విషయమున ప్రత్యేకముగ చెప్పదగినది. అది ఎవరైనను వ్రాయదగిన, ఎవరైనను దిద్దదగిన విజ్ఞానసర్వస్వము. వ్రాయువారికి వేతనములు లేవు. వారందరును కలిసి చర్చించుకొను పుటకు 'రచ్చబండ' యని పేరు. ఊరి నడుమ చెట్టుక్రింద పెద్దలు కూర్చుండి తగవులు తీర్చు తావు అది. రచ్చయనగా కలహమను అర్థము నేటి వాడుకలో బలపడినది గనుక, చర్చ తీవ్రమైనప్పుడు ఆ పేరు రెండు విధములను సార్థకమగుచుండును. అచ్చట వ్రాయువానికి 'వాడుకరి' యని పేరు. నేర్పు గలవాడు నేర్పరి, చదువువాడు చదువరి యైనట్లు, వాడుకొనువాడు వాడుకరి. వ్యాకరణము చదివినవారు దీనిని ఆక్షేపింపజాలరు. ఒకే పేరుగల పలు విషయములను వేరుపరచి చూపు పుటకు 'అయోమయ నివృత్తి' యని పేరు. రామాపురమను పేరుగల ఊళ్ళు తెలుగునాట ఎన్ని కలవో ఎరిగినవారికి ఆ పుట యొక్క ఆవశ్యకత వేరుగ చెప్పనక్కరలేదు. ఇతరుల రచనను బుద్ధిపూర్వకముగ పాడుచేయుటను ఆంగ్లవికీపీడియావారు రోమునగరమును దోచిన వాండలు జాతివారి పేరుతో పిలుతురు. తెలుగువారు ఆ చరిత్రను ప్రక్కనబెట్టి 'దుశ్చర్య' అనిరి. ఇందు ముసుగు లేదు. వినినంతనే అది చెడుపని యని తెలియును.

వీనిలో మిక్కిలి సొగసైన మాట 'మొలక'. రెండు మూడు వాక్యములు మాత్రమే వ్రాసి విడిచిన అసంపూర్ణ వ్యాసమును ఆంగ్లమున 'స్టబ్' అందురు. స్టబ్ అనగా నరికిన చెట్టు మోడు. అరిగిపోయిన పెన్సిలు తునక. చీటీపుస్తకమున చీటీ చింపగా మిగిలిన ముక్క. అన్నియు అయిపోయినదాని శేషములే. తెలుగువారు ఆ మాటకు సరియైన మాటను నిఘంటువులో వెదకియుండినచో మోడు అనియో, మొండెము అనియో వ్యవహరించియుందురు. వారు ఆ పుటను చూచినది వేరొక దృష్టితో. రెండు వాక్యములున్నవి, నీరు పోసినచో పెరుగును. అందుచే మొలక యనిరి.

ఒక కుగ్రామమును గూర్చిన వ్యాసము ఇట్లే మొలకగా మొదలగును. ఊరిపేరు, మండలము పేరు మాత్రము అందుండును. కొన్నాళ్ళకు ఆ ఊరివాడొకడు చెరువును గూర్చి నాలుగు మాటలు చేర్చును. వేరొకడు బడి యెప్పుడు పెట్టబడెనో విచారించి ఆధారముతో వ్రాయును. మూడవవాడు అక్షరదోషములు దిద్దును. లకారము ఉండవలసినచోట లకారము, ళకారము ఉండవలసినచోట ళకారము నిలుపును. వీరు ఒకరినొకరు ఎన్నడును చూచియుండకపోవచ్చును. వ్యాసము తగినంత పెరిగిన పిదప పుట అడుగున నున్న 'మొలక' యను గురుతును తీసివేయుదురు. ఆ పని చేయుటకు అధికారి రానక్కరలేదు. చదువుచున్న వాడుకరి ఎవరైనను తీసివేయవచ్చును.